ఊపిరి బాగానే ఆడుతుంటే మత్తుకు ముందు ఆక్సిజన్ ఎందుకు?

"మా నాన్నకు ఆపరేషన్ ఉంది. ఊపిరి బాగానే ఉన్నా ముందు ఆక్సిజన్ పెడతారట, ఎందుకు? పిల్లలకూ ముసలివాళ్లకూ ఒకటేనా?" అని అడిగారు. ఒకటి కాదు. నేను నల్లగొండలో ఓటీ (ఆపరేషన్ థియేటర్) టెక్నీషియన్‌ను, రోజూ చూసేదే చెబుతున్నా.

మత్తు ఎక్కితే ఊపిరి ఆగుతుంది. ఊపిరి అందించే ట్యూబు గొంతులో పడేదాకా లోపలున్న ఆక్సిజనే దిక్కు. నల్లా బందయ్యేలోపు బిందెలు నింపుకున్నట్టు ముందే నింపి పెడతారు. మాస్క్ బిగించి 3 నిమిషాలు పీలిస్తే ఊపిరితిత్తుల్లోని నైట్రోజన్ పోయి ఆ జాగాలో ఆక్సిజన్ చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దమనిషికి అది దాదాపు 8 నిమిషాలు ఆసరా.

మా దగ్గర ఫ్లోరైడ్ తిప్పలు వేరే, ఆ నీళ్లు తాగి తాగి ఎముకలు బిగుసుకుపోతాయి. మర్రిగూడ వైపు నుంచి ఒక తాత హెర్నియాకు వచ్చాడు. పిలిస్తే మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాల్సిందే. వెన్నులో సూది దిగలేదు, పూర్తి మత్తే గతి. పళ్లు లేక చెంపలు లోపలికి పోయాయి, మాస్క్ పక్కల నుంచి గాలి లీకు. "ఊపిరాడ్తలేదు బిడ్డా, తియ్యి" అని చేయి అడ్డం పెడుతున్నాడు. మానిటర్‌లో ఆక్సిజన్ 100 శాతం కనబడుతోంది, సర్జన్‌గారేమో గడియారం చూస్తున్నారు. ఆ 100 రక్తం సంగతి, ఊపిరితిత్తులు నిండాయని కాదు! మా మత్తు మేడమ్ రెండు చేతులతో మాస్క్ అదిమిపట్టి, మాస్క్‌కు తగిలించిన బ్యాగు ప్రతి శ్వాసకూ ముడుచుకుని ఉబ్బుతోందని చూసుకున్నాకే మందు ఎక్కించింది. మెడ వెనక్కి వాలక మొదటిసారి ట్యూబు పోలేదు, రెండోసారి పోయింది. తాతకు ఆక్సిజన్ పడిపోలేదు.

నాలుగు పెద్ద శ్వాసలు తీయించి కానిచ్చేవాళ్లున్నారు. ముసలివాళ్ల దగ్గర అది చాలదు, వాళ్ల ఊపిరితిత్తులు నిండడమే నిదానం. చంటిపిల్లలది ఇంకో కథ. వాళ్ల ఒళ్లు బరువును బట్టి చూస్తే పెద్దవాళ్లకు రెట్టింపు ఆక్సిజన్ వాడుతుంది, నింపినా తొందరగా అయిపోతుంది. పైగా ఏడుస్తూ తల తిప్పేస్తే మాస్క్ ఆనదు.

ఇంతా చేస్తే బయట బంధువులు "అన్నం పెట్టలే, చాయే తాగిపిచ్చినం" అంటారు. పాలు పోసిన చాయ్ తాగినా మత్తుకు 6 గంటలు ఆగాలి, ఎన్నిసార్లు చెప్పినా వినరు. మీ నాన్నకు గడ్డముంటే ముందురోజే తీయించండి, మాస్క్ సరిగ్గా ఆనుతుంది. కట్టుడు పళ్ల సంగతి మత్తు డాక్టర్‌కు ముందే చెప్పండి.