పాప ఏడుపు మామూలే, ఆ సిరప్ మాత్రం ఈ రోజే ఆపేయండి

ప్రశ్న: మా పాపకు పది నెలలు. నేను పక్క గదిలోకి వెళ్లినా గుక్కపట్టి ఏడుస్తుంది. అద్దం చూపిస్తే అందులో ఎవరో వేరే పాప ఉన్నట్టు చేయి చాపుతుంది. అస్తమానం ఎత్తుకుని నేనే అలవాటు చేశానని మా అత్తగారు అంటున్నారు. వచ్చే నెల మళ్లీ డ్యూటీలో చేరాలి. అమ్మ వేరు, తాను వేరు అని పిల్లలకు ఎప్పుడు తెలుస్తుంది? పాపకు తరచూ జలుబు చేస్తుంది. ఆటలో ఉంటే పిలిచినా ఒక్కోసారి చూడదు. పగలు కాసేపు పడుకుంటుందని ఇంట్లో ఉన్న జలుబు సిరప్ అర చెంచా పడుతున్నాం.
- ఓ తల్లి, కరీంనగర్

సమాధానం: అమ్మా, మీరు చివర్లో రాసిన మూడు వాక్యాలే నన్ను కంగారు పెట్టాయి. ముందు సిరప్ సంగతి. ఈ రోజే ఆపేయండి.

జలుబు సిరప్‌లలో చాలావాటిలో ఉండేవి క్లోర్‌ఫెనిరమిన్, ఫినైల్‌ఎఫ్రిన్. మొదటిది మత్తు తెస్తుంది. రెండోది గుండె వేగాన్ని, బీపీని మార్చవచ్చు. ఈ రెండూ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని లేబుల్ మీద హెచ్చరిక వేయాలని మన ఔషధ నియంత్రణ అధికారులు 2023 డిసెంబరులో ఆదేశించారు. కొన్ని సిరప్‌లలో ప్రోమెథజైన్ ఉంటుంది. రెండేళ్లలోపు పిల్లల్లో అది ఊపిరి మందగించేలా చేయవచ్చు. మీ సీసాలో ఏముందో నాకు తెలియదు, మీ ఇంటి చెంచాలో ఎంత పడుతుందో కూడా తెలియదు. నిద్ర కోసం మాత్రం పది నెలల బిడ్డకు ఏ సిరప్పూ వద్దు.

మొన్న ఓపీకి ఎనిమిది నెలల బాబును తెచ్చారు. మెడ వాలిపోయి ఉంది. వాళ్లమ్మ రొమ్ము నోటికి అందించినా చీకడం లేదు. హాయిగా నిద్రపోతున్నాడనుకుని రాత్రంతా చూస్తూ ఉన్నారట. నేను నాలుగోసారి అడిగితే గానీ సిరప్ మాట బయటికి రాలేదు. ఒక రోజు ఆస్పత్రిలో ఉంచాం, కోలుకున్నాడు. అందరూ అలా కోలుకుంటారని నేను చెప్పలేను. మీరు చదువుకున్నవారు, ఉద్యోగం చేస్తున్నవారు. పెద్దవాళ్లు చెప్పినా, పక్కింటివాళ్లు చెప్పినా, డాక్టర్‌ను అడగకుండా ఆ మూత తీయకూడదు కదమ్మా.

ఇక మీరు అడిగింది. మేం చదువుకునే రోజుల్లో మార్గరెట్ మాలర్ అనే మానసిక వైద్యురాలి సిద్ధాంతం చెప్పేవారు. మొదటి కొన్ని నెలలు బిడ్డకు తానూ అమ్మా ఒకటేనన్న భావన ఉంటుందని ఆమె అన్నారు. ఇప్పుడు అంత గట్టిగా ఎవరూ అనడం లేదు. పసిగుడ్డు బుగ్గను మీ వేలితో తాకి చూడండి, నోరు తెరిచి అటు తిరుగుతుంది. తన చెయ్యే తగిలితే అంతగా తిరగదు. అంటే ఏది తన స్పర్శో, ఏది పరాయి స్పర్శో పుట్టిన కొత్తలోనే కొంత తెలుసన్నమాట. ‘ఇది నేను’ అని గుర్తించడం మాత్రం చాలా తర్వాత వస్తుంది. బ్యూలా ఆమ్‌స్టర్‌డామ్ అనే పరిశోధకురాలు 1972లో పసిపిల్లల ముక్కుకు రంగు రాసి అద్దం ముందు ఉంచారు. చిన్నపిల్లలు అద్దంలోని బిడ్డతో ఆడుకున్నారు. తమ ముక్కునే తడుముకున్నది ఇంచుమించు ఏడాదిన్నర, రెండేళ్ల మధ్య పిల్లలు. మీ పాప ముక్కు మీద తనకు తెలియకుండా కాస్త కుంకుమ పెట్టి చూస్తే ఇప్పుడు అద్దం వైపే చేయి చాపుతుంది. పది నెలలకు అది సరైనదే.

ఏడుపు కూడా అంతే. ఎనిమిదో నెల అటూఇటూగా, కంటికి కనిపించకపోయినా అమ్మ ఎక్కడో ఉందని బిడ్డకు అర్థమవుతుంది. ఎప్పుడొస్తుందో తెలియదు, అందుకే బెంగ. పది నుంచి పద్దెనిమిది నెలల మధ్య ఇది బాగా ఎక్కువగా ఉంటుంది, తర్వాత సర్దుకుంటుంది. ఎత్తుకోవడం వల్ల వచ్చింది కాదని అత్తగారికి నా మాటగా చెప్పండి. రేపటి నుంచే రోజూ అరగంట పాపను ఆవిడ దగ్గర వదిలి బయటికి వెళ్లిరండి. కాకిని చూపించి దొంగచాటుగా జారుకోకండి. ‘వెళ్లొస్తా’ అని ముఖం చూసి చెప్పి వెళ్లండి, ఏడ్చినా సరే.

పిలిస్తే చూడకపోవడం దగ్గరికి వద్దాం. తొమ్మిది నెలలకు పేరు పెట్టి పిలిస్తే బిడ్డ తిరిగి చూడాలి. ఆటలో పడి ఒకటి రెండుసార్లు చూడకపోవడం వేరు. తరచూ జలుబు అంటున్నారు కాబట్టి చెవి లోపల నీరు చేరి సరిగా వినపడకపోవచ్చు, నేను ఇక్కడ కూర్చుని తేల్చలేను. పిల్లల డాక్టర్‌కు ఈ వారంలోనే చూపించండి. అవసరమైతే ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు రాస్తారు. జిల్లా ఆస్పత్రుల్లోని సత్వర చికిత్స కేంద్రాల్లో ఇలాంటి పిల్లలను ఉచితంగా చూస్తారు, అక్కడా అడగండి. కళ్లలోకి చూస్తోందా, మీరు నవ్వితే నవ్వుతోందా, బా బా, దా దా అంటోందా అన్నవి కూడా డాక్టర్‌కు చెప్పండి. ఇవి లేకపోతే ‘పెద్దయ్యాక అవే వస్తాయిలే’ అని ఆగవద్దు.

వెళ్లేటప్పుడు సిరప్ సీసా, మీరు వాడిన చెంచా రెండూ తీసుకెళ్లండి. ఈలోగా పాప మరీ మత్తుగా ఉన్నా, లేపినా లేవకపోయినా, ఊపిరిలో తేడా కనిపించినా నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకండి, 108కి ఫోన్ చేయండి.