బస్తాల లెక్క అడుగు: హైదరాబాద్ కాలుష్య పటం గీయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హైదరాబాద్ గాలిలోకి మనుషుల పనుల వల్ల చేరుతున్న కాలుష్యం ఎక్కడెక్కడ పుడుతోందో కిలోమీటరుకు కిలోమీటరు గడుల పటంగా గీసే పని నీకు అప్పగించారని, మొదట ఎక్కడ చెయ్యి పెట్టాలో తోచడం లేదని రాశావు. వయసంతా ఈ లెక్కల్లోనే గడిపినవాణ్ణి కనుక, నాకు అనుభవంలో తెలిసినవి కొంచెం వివరంగానే రాస్తున్నాను. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్ కూడా ఉంది. అటువంటి పథకాల డబ్బు రోడ్లు ఊడ్చే యంత్రాలకు వెళ్లాలా, చెత్త తరలింపుకు వెళ్లాలా అన్న నిర్ణయం ఇలాంటి పటాన్ని చూసే జరుగుతుంది కాబట్టి, నువ్వు వేసే ప్రతి రంగుకూ నువ్వు జవాబు చెప్పగలగాలి.

ఈ శాస్త్రమంతా ఒక్క గుణకారం మీద నిలబడి ఉంది. ఎంత ఇంధనం కాలింది లేదా ఎంత పని జరిగింది అన్నదాన్ని, ఒక్కో ప్రమాణానికి ఎంత కాలుష్యం వెలువడుతుందో చెప్పే ఉద్గార గుణకంతో హెచ్చించడమే. టన్ను బొగ్గులో గంధకం నూటికి అర పాలు ఉందనుకో, అందులో 5 కిలోల గంధకం ఉన్నట్టు. అది కాలి ఆక్సిజన్‌తో కలిసినప్పుడు బరువు రెట్టింపై దాదాపు 10 కిలోల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. అన్ని లెక్కలూ ఇంత శుభ్రంగా ఉండవు; సూక్ష్మ ధూళికణాల దగ్గరికి వచ్చేసరికి పొయ్యి రకాన్ని బట్టి, చిమ్నీకి వడపోత ఉందా లేదా అన్నదాన్ని బట్టి గుణకం ఎన్నో రెట్లు మారిపోతుంది. అయినా గుణకాలు పుస్తకాల్లో దొరుకుతాయి. ఏ వీధిలో ఎంత కాలుతోందన్నది మాత్రం ఏ పుస్తకంలోనూ దొరకదు, దానికోసం నువ్వు తిరగాల్సిందే.

తిరిగేటప్పుడు ఎవరినీ పొగ ఎంత వస్తుందని అడగకు. ఆ ప్రశ్న వినగానే మనిషి జాగ్రత్త పడతాడు, తనిఖీకి వచ్చావనుకుంటాడు. తందూరీ పొయ్యి దగ్గర నిలబడి వారానికి ఎన్ని బస్తాల బొగ్గు దింపుతారని అడుగు, పాతబస్తీ బేకరీలో కట్టెల ట్రాలీ ఎన్ని రోజులకు ఒకసారి వస్తుందని అడుగు, ఫంక్షన్ హాలు వాచ్‌మన్‌ను పెళ్లిళ్ల నెలలో జనరేటర్‌కు ఎన్ని క్యాన్ల డీజిల్ పోస్తారని అడుగు. ఖర్చు పెట్టేవాడికి ఇంధనం లెక్క నోటిమీదే ఉంటుంది, అది చెప్పడానికి భయపడడు కూడా. జీడిమెట్ల, పాశమైలారం వంటి పారిశ్రామికవాడల్లో కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే అనుమతి పత్రాల్లో బాయిలర్ సామర్థ్యం, వాడే ఇంధనం రాసి ఉంటాయి. వాటితో మొదలుపెట్టు, కానీ అక్కడే ఆగకు. అనుమతి ఒక ఇంధనానికి ఉండి, ధర పెరిగినప్పుడు బొగ్గు నుంచి ఊకకో, ఊక నుంచి కట్టెకో మారిన బాయిలర్లను నేను చాలా చూశాను. గేటు పక్కన టీ కొట్టు దగ్గర అరగంట కూర్చుంటే లోపలికి వెళ్లే లారీలో ఏముందో నీకే తెలుస్తుంది.

వాహనాల విషయంలో నేను చేసిన తప్పు నువ్వు చేయకూడదని కాస్త ఎక్కువ రాస్తున్నాను. నా మొదటి పటంలో నేను రవాణా శాఖ రిజిస్ట్రేషన్ల సంఖ్య తీసుకుని, దాన్ని జనాభా ప్రకారం గడులకు పంచేశాను. ఏళ్ల కిందట తుక్కుకు పోయిన బళ్లు కూడా ఆ సంఖ్యలో ఉన్నాయని, లారీలు జనం నిద్రపోయే చోట కాకుండా సరుకు దిగే చోట తిరుగుతాయని అప్పటికి నాకు తట్టలేదు. ఒక్క లారీ కూడా దూరని కాలనీల మీద డీజిల్ పొగ పరిచిన ఆ పటాన్ని సభలో చూపించాక, అక్కడ నివసించే ఒక పెద్దాయన లేచి అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. ఆ పటం ఆధారంగా ఎవరైనా నిర్ణయం తీసుకుని ఉంటే ఎంత అన్యాయం జరిగేదో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అందుచేత కూడళ్ల దగ్గర నిలబడి రకాల వారీగా లెక్కపెట్టించు: ద్విచక్ర వాహనాలు, ఆటోలు, కార్లు, బస్సులు, ట్రాలీలు, లారీలు, టిప్పర్లు వేర్వేరుగా. పనిదినం ఒకటి, ఆదివారం ఒకటి, రెండూ పూర్తి ఇరవై నాలుగు గంటలు. నగరంలోకి భారీ వాహనాలకు పగటిపూట ఆంక్షలు ఉంటాయి కనుక పగటి లెక్కలో టిప్పర్ దాదాపు కనిపించదు. రాత్రి పదకొండు తరువాత కోకాపేట, నానక్‌రామ్‌గూడ వైపు చూస్తే రోడ్డంతా అవే. పెట్రోల్ బంకుల్లో నిలబడి బండి ఏ సంవత్సరానిది, ఇప్పటికి ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని అడిగితే సగటు తిరుగుడు తెలుస్తుంది. పుణెలోని ఆటోమోటివ్ రీసెర్చ్ అసోసియేషన్ మన వాహనాల మీద కొలిచిన గుణకాలు ఉన్నాయి. వాడు, కానీ 2020 ఏప్రిల్ నుంచి అమ్ముడైన బీఎస్-6 (వాహనాల పొగకు ప్రభుత్వం పెట్టిన ‘భారత్ స్టేజ్’ ప్రమాణాల్లో ఆరోది) బళ్లకు పాత గుణకాలు అంటించకు. ఆ ప్రమాణపు డీజిల్‌లో గంధకం పది లక్షల పాళ్లకు 10 పాళ్లే, అంతకుముందు బీఎస్-4లో 50 ఉండేది.

రోడ్డు ధూళిని చాలామంది చివరి నిమిషంలో ఒక అంచనా సంఖ్యతో ముగిస్తారు. నువ్వు అలా చేయకు. ఒక చదరపు మీటరు గీసి, బ్రష్‌తో ఊడ్చి, జల్లెడ పట్టి 75 మైక్రాన్ల కంటే సన్నని మట్టి ఎంత ఉందో తూచు. వాన పడిన మర్నాడు మాత్రం వెళ్లకు. క్రషర్ల నుంచి కంకర మోసే దారి, సిమెంటు కలిపే ప్లాంటు ముందరి దారి, కాలనీ లోపలి దారి మూడింటికీ మట్టి బరువులో ఉండే తేడా చూశాక ఒకే సంఖ్య అందరికీ వేయడానికి నీకే మనసొప్పదు.

చెత్త మంటలు ఉపగ్రహానికి చిక్కుతాయని ఎవరైనా చెబితే నమ్మవద్దు. 375 మీటర్ల గడితో చూసే కంటికి డంపింగ్ యార్డులో పెద్ద మంట కనిపించవచ్చు గాని, గల్లీ మూలన ఊడ్చి అంటించిన ఆకుల కుప్ప కనిపించదు. కొన్ని వీధులు ముందే ఎంచుకుని, తెల్లవారుజామున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి నడిచి లెక్కపెట్టాలి. రాగి తీగల కోసం వైర్లు కాల్చే పిల్లలు, అడ్డా కూలీల గుడారాల ముందు కట్టెల పొయ్యిలు కూడా నీ పుస్తకంలోకి వస్తాయి. వాళ్లను గడి సంఖ్యతో రాసుకో, ఇంటి గుర్తుతో రాయకు. ఆ కాగితం రేపు ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు, వాళ్ల పొట్ట మీద దెబ్బ పడకూడదు.

పటానికి హద్దు ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర గీస్తే గీత అందంగా ఉంటుంది, పని మాత్రం చెడిపోతుంది. పాశమైలారం ఆ గీతకు బయట ఉంది, ఇటుక బట్టీలు, క్రషర్లు చాలావరకు బయటే ఉంటాయి, గాలికి మన గీత పట్టదు. నాలుగు వైపులా ఇంకొన్ని గడులు తీసుకో. ప్రతి మూలానికీ ఏ గంటల్లో, ఏ నెలల్లో అన్నది కూడా రాయి. చలికాలపు రాత్రి గాలి నేలకు అంటుకుని కదలకుండా ఉన్నప్పుడు, లక్డీకాపూల్‌లోనో మియాపూర్‌లోనో ఇంజన్లు ఆపకుండా ప్రయాణికుల కోసం నిలబడే ట్రావెల్స్ బస్సుల పొగ, ఎండాకాలం మధ్యాహ్నపు అంతే పొగ కంటే మనిషికి చాలా ఎక్కువ అందుతుంది. ఎక్కడ పుడుతోందన్నది ఒక పటం, ఎక్కడ పీలుస్తున్నారన్నది వేరే పటం. రెండోది గీయడానికి గాలి ఆ పొగను ఎటు మోసుకుపోతుందో లెక్కగట్టే వాతావరణ నమూనా (మోడల్) కావాలి. నీది మొదటిదని శీర్షికలోనే రాయి.

అన్నీ కలిపాక నీ డీజిల్ మొత్తాన్ని నగరంలో అమ్ముడైన డీజిల్‌తో పోల్చి చూడు. పన్ను తేడాల వల్ల దూరప్రాంతపు లారీలు పక్క రాష్ట్రంలో నింపుకుని వస్తాయి కనుక రెండూ సరిగ్గా కలవవు, కానీ మరీ దూరంగా ఉంటే ఎక్కడో తప్పు జరిగినట్టే. బంకు దగ్గర క్యాన్లలో పట్టుకెళ్లిన డీజిల్‌ను బళ్ల ఖాతాలో ఒకసారి, జనరేటర్ల ఖాతాలో మరోసారి వేశావేమో మొదట అది చూడు. సనత్‌నగర్, జూపార్కుల్లో గాలి నాణ్యత కొలిచే కేంద్రాల గంటవారీ కొలతల్లో ఉదయం, సాయంత్రం లేచే శిఖరాలు నీ వాహనాల గంటలతో సరిపోతున్నాయేమో కూడా చూసుకో.

చివరగా ఒక్క మాట. నువ్వు వెళ్లలేకపోయిన గడులు తప్పకుండా మిగులుతాయి. వాటిని తెల్లగా వదిలేస్తే చూసేవాళ్లు అక్కడ కాలుష్యం లేదనుకుంటారు. వాటికి గీతలు కొట్టి, పక్కన “చూడలేదు” అని రాయి. ప్రతి అంకె పక్కన అది కొలిచిందా, అడిగి తెలుసుకున్నదా, ఊహించిందా అన్నది ఒక అక్షరంతో గుర్తుపెట్టు. వచ్చే శనివారం రాత్రి లక్డీకాపూల్ దగ్గర మొదటి లెక్క పెట్టుకుని, ఆ కాగితం దిద్దకుండా ఉన్నది ఉన్నట్టు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మామయ్య