డాక్టర్ గారి టోకెన్‌తో నొప్పి మాత్రలు రాయొచ్చా?

ప్రశ్న: టెక్సాస్‌లో ఒక క్లినిక్‌లో నర్స్ ప్రాక్టీషనర్‌గా (డాక్టర్ అనుమతితో కొన్ని మందులు రాయగల పైస్థాయి నర్సుగా) చేస్తున్నాను. నడుం నొప్పికి ఏళ్లుగా హైడ్రోకోడోన్ (అలవాటుపడే ప్రమాదమున్న నొప్పి మందు) వాడుతున్నవాళ్లు మాకు ఎక్కువ. ఆ మందు నేను రాయకూడదట. డాక్టర్ గారు వారానికి రెండు రోజులే వస్తారు. కంప్యూటర్‌లో మందుల చీటీ పంపేటప్పుడు కొట్టాల్సిన అంకెలు చూపించే తన టోకెన్ నా చేతికిచ్చి, "నా లాగిన్‌లోంచి పంపేయమ్మా, నేనే చెబుతున్నాగా" అన్నారు. రెండుసార్లు పంపాను. తప్పా? కాదంటే ఉద్యోగం పోతుందేమోనని భయంగా ఉంది.

జవాబు: తప్పేనండి. ఆ టోకెన్ ఈరోజే ఆయనకు తిరిగి ఇచ్చేయండి.

దుర్వినియోగం అయ్యే మందులను అమెరికా చట్టం షెడ్యూళ్లుగా విడదీస్తుంది, అంకె తగ్గేకొద్దీ నియంత్రణ ఎక్కువ. 2014 అక్టోబర్ 6 దాకా హైడ్రోకోడోన్ కలిసిన మాత్రలు షెడ్యూల్ 3లో ఉండేవి. ఆ రోజు నుంచి షెడ్యూల్ 2లోకి మారాయి, రీఫిల్ (అదే చీటీ మీద మళ్లీ మందు తీసుకునే వీలు) పోయింది. టెక్సాస్‌లో నర్స్ ప్రాక్టీషనర్ షెడ్యూల్ 2 మందు రాయాలంటే పేషెంట్ కనీసం 24 గంటలు ఉండేలా ఆసుపత్రిలో చేరి ఉండాలి, లేదా ఎమర్జెన్సీలో ఉండాలి, లేదా హాస్పిస్ సంరక్షణలో (చివరి దశ రోగులకిచ్చే సంరక్షణలో) ఉండాలి. అదే చదువు, అదే లైసెన్సు, అయినా ఎమర్జెన్సీలో రాయగలిగిన చీటీ క్లినిక్‌లో రాయలేరు. నా మటుకు నాకు ఈ గీత సమంజసంగా అనిపించదు. కానీ చట్టం అదే.

డాక్టర్ అనుమతి ఇక్కడ ఎందుకు చెల్లదంటే, టోకెన్ మీద కనిపించే ఆ అంకెలే ఆయన సంతకం. దాన్ని ఆయన ఒక్కరి దగ్గరే ఉంచుకోవాలనీ, పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడదనీ డీఈఏ (ఇలాంటి మందులను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ) నిబంధన. ఇంకొకరికి డీఈఏ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు వాడి మందు ఇప్పించడం ఫెడరల్ నేరం, నాలుగేళ్ల దాకా జైలు పడొచ్చు. 2022లో రువాన్ అనే డాక్టర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, అధికారం లేదని తెలిసే రాశారని ప్రాసిక్యూషన్ రుజువు చేయాలంది. నిజాయితీగా పొరబడ్డవాళ్లకు అది ఊరట. మీకు మాత్రం, రాయకూడదని తెలుసని మీ ఉత్తరమే చెబుతోంది.

మరి పేషెంట్ల సంగతి? ఏళ్లుగా వాడుతున్న మందు ఒక్కసారిగా ఆపితే నరకం చూస్తారు, అది జరగనివ్వకండి. చీటీ మీరు సిద్ధం చేసి పెట్టొచ్చు. చూసి సంతకం చేయాల్సింది డాక్టర్ గారే. ఆయన తగునని భావిస్తే, ఏ తేదీకి ముందు ఇవ్వకూడదో రాసి, మొత్తం 90 రోజులకు మించకుండా ఒకే రోజు విడివిడి చీటీలు ఇవ్వొచ్చు. వారానికి రెండు రోజులు వచ్చే డాక్టర్‌కి ఇది సరిపోతుంది. ట్రమడాల్ అనే నొప్పి మందు షెడ్యూల్ 4 కాబట్టి మీ డెలిగేషన్ ఒప్పందంలో (ఏ మందులు రాయొచ్చో డాక్టర్ మీకు అప్పగించిన పత్రంలో) ఉంటే మీరే రాయొచ్చు, అయితే అది పేషెంట్‌కి సరిపడితేనే. మీకు వీలుగా ఉందని మందు మార్చకండి.

ఉద్యోగం గురించి: లైసెన్సుకు ముప్పు తెచ్చే పని చేయనన్నందుకు నర్సును తీసేయడాన్ని టెక్సాస్ నర్సింగ్ చట్టం 301.352 సెక్షన్ నిషేధిస్తోంది. మీరు కాదన్నట్టు రుజువు ఉండాలి కాబట్టి మాటతో సరిపెట్టకండి. "చీటీలు నేను సిద్ధం చేస్తాను, సంతకం మీరే చేయండి" అని ఆయనకు ఈమెయిల్ పెట్టండి.

ఆ రెండు చీటీల చార్టులు ఎంత భయమేసినా ముట్టుకోకండి. ఇప్పుడు ఒక్క మాట దిద్దినా అది దాచిపెట్టడంగా కనిపిస్తుంది. నర్సింగ్ బోర్డుకీ క్లినిక్‌కీ వాటి గురించి వివరణ రాయకముందే, వైద్య లైసెన్సు కేసులు చూసే టెక్సాస్ లాయర్‌ని కలిసి జరిగింది జరిగినట్టు చెప్పండి.