రాతి ఇంట్లో చెమ్మకు వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేయించకండి

పెన్సిల్వేనియాలో, లాంకాస్టర్ దగ్గర, 1720ల నాటిదని అమ్మినవాళ్లు చెప్పిన పాత రాతి ఫామ్‌హౌస్ కొన్నానని, గోడలు లోపల చెమ్మగిల్లి పెచ్చులు ఊడుతున్నాయని, కాంట్రాక్టర్ సిమెంట్ పూసి వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేద్దామంటున్నాడని రాశారు కదండీ. ఆ పని మాత్రం ఆపించండి.

అప్పటి గోడలు సున్నం, ఇసుక కలిపి కట్టినవి. రాతిలోకి చేరిన తేమ ఆ సున్నపు సందుల గుండానే ఆరిపోతుంది. పోర్ట్‌లాండ్ సిమెంట్‌కి (ఇప్పుడు మామూలుగా వాడే సిమెంటే) పేటెంట్ వచ్చిందే 1824లో, కాబట్టి మీ గోడలో గట్టి బూడిదరంగు సిమెంట్ కనిపిస్తే అది తర్వాత ఎవరో అతికించిందే. అది తేమను లోపలే బంధిస్తుంది, చలికాలంలో ఆ నీరు గడ్డకట్టి రాయి అంచులు రాలగొడుతుంది. ముందు కప్పు అంచున వాననీటి గట్టర్లు, గోడ పక్కన నేల వాలు చూసుకోండి, సగం సమస్య అక్కడే ఉంటుంది. తర్వాత సిమెంట్‌ని ఉలితో జాగ్రత్తగా తీయించి (గ్రైండర్ వద్దు, రాయి పాడవుతుంది) సున్నంతో నింపించండి, గడ్డకట్టే చలి రాకముందే.

ఇక 1720ల నాటిదన్న మాట నిజమా అంటే, దగ్గర్లోనే హాన్స్ హెర్ హౌస్ ఉంది, వెళ్లి చూడండి. 1719లో క్రిస్టియన్ హెర్ అనే మెనోనైట్ (ఒక క్రైస్తవ శాఖకు చెందినవాడు) కట్టిన ఇల్లు: నిటారు కప్పు, ఇంటి మధ్యలో పొగగొట్టం, తలుపు తీయగానే వంటగది. మీ ఇంటికి రెండు చివరలా పొగగొట్టాలు, మధ్యలో హాలు ఉంటే అది బహుశా ఇంకా తర్వాతిదే. అమ్మినవాళ్ల మాట కంటే కౌంటీ దస్తావేజులు నయం.