రెండు కాక్‌పిట్‌ల స్పిట్‌ఫైర్ ఫోటో నిజమైనదే

మీ ఫోటోలో భారత వాయుసేన గుర్తులున్న స్పిట్‌ఫైర్‌కి (రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటన్ ఫైటర్ విమానం) ఒకదాని వెనక ఒకటి రెండు బబుల్ కానోపీలు (కాక్‌పిట్ మీద బుడగలా ఉండే పారదర్శకమైన మూతలు), వెనకది ఎత్తుగా ఉంది, ఎవరో ఎడిట్ చేశారేమో అని అడిగారు కదా. టెన్షన్ వద్దండీ, అలాంటి విమానం నిజంగానే ఉండేది.

యుద్ధకాలంలో స్పిట్‌ఫైర్ మామూలుగా ఒంటి సీటుదే. 1946లో దాన్ని తయారుచేసే వికర్స్ కంపెనీ వాళ్లు మార్క్ 8 రకం విమానం ఒకదాన్ని శిక్షణ కోసం రెండు సీట్లుగా మార్చి చూశారు, బ్రిటన్ వాయుసేన మాత్రం తీసుకోలేదు. తర్వాత మార్క్ 9 రకం విమానాలను అలాగే మార్చి భారత్‌కు 10, ఐర్లాండ్‌కు 6 అమ్మారు. ముందు కాక్‌పిట్‌ను 13.5 అంగుళాలు ముందుకు జరిపారు, అందులో శిష్యుడు. వెనక కూర్చునే గురువుకి శిష్యుడి తల మీదుగా రన్‌వే కనబడాలి కాబట్టే ఆ ఎత్తు. చూడ్డానికి వికారంగా ఉన్నా చాలా తెలివైన పని అని నా అభిప్రాయం.

ఒక్క జాగ్రత్త. ఈ విమానం బొమ్మ (స్కేల్ మోడల్) చేసేటప్పుడు ఇప్పుడు ఎగురుతున్న ఎంఎల్407 అనే రెండు సీట్ల స్పిట్‌ఫైర్ ఫోటోలు చూసి వెనక కానోపీ చెక్కకండి, దాన్ని పునరుద్ధరించినప్పుడు ఎత్తు తగ్గించారు. మీ ఫోటోలో ఉన్నదే అసలు రూపం, కొలతలు దాని ప్రకారమే తీసుకోండి.