మీట ‘పడటం లేదు’ అనకూడదా?

సందేహం: మా మైక్రోవేవ్ ఓవెన్‌లో కొన్ని బటన్లు మొండికేశాయి. సర్వీసు వాళ్లకు ఫోన్ చేసి ‘‘ఏడో నెంబరు మీట ఎంత నొక్కినా పడటం లేదండీ’’ అన్నాను. మా అబ్బాయి పక్కనుంచి నవ్వాడు. పడటమంటే కింద పడటమట, ‘పనిచేయడం లేదు’ అనాలట. ‘మీట’ అనే మాట ఇప్పుడెవరికీ తెలియదట. నా మాట తప్పేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: తప్పు కాదమ్మా. మీ అబ్బాయి అనమన్న వాక్యం కన్నా మీ వాక్యమే ఎక్కువ సంగతి చెబుతోంది.

తలుపుకు గడియ వేస్తాం, అది పడుతుంది. బండికి గేరు వేస్తాం, ఒక్కోసారి పడదు. దారానికి ముడి వేస్తే ముడి పడుతుంది. వేయడం మనిషి చేసే పని, పడటం ఆ పని అవతల ఫలించడం. ‘తాళం వేశాను గానీ పడలేదు’ అన్నప్పుడు నేను చేయాల్సింది చేశాననీ, అవతల జరగాల్సింది జరగలేదనీ రెండూ తెలిసిపోతాయి. బటన్ దగ్గర ‘వేయడం’ స్థానంలో ‘నొక్కడం’ వచ్చింది, అంతే. ఒకటో తారీఖున ‘జీతం పడిందా’ అని అడుగుతాం. ‘నాకు వంకాయ పడదు’ అంటాం. వీటిలో కింద పడిందేమీ లేదు కదా!

ఈ ‘పడటం’ ఎంత పనికొస్తుందో మా ఇంట్లోనే చూశాను. కిందటేడు మా ఓవెన్‌కి కూడా ఇదే జబ్బు చేసింది. మా ఆవిడ మెకానిక్‌తో ‘‘మూడు, ఆరు, తొమ్మిది నొక్కినా పడట్లేదు బాబూ, మిగతావన్నీ పడుతున్నాయి’’ అంది. ‘‘మూడూ ఒకే నిలువు వరసలో ఉన్నాయా అమ్మా? అయితే షీటు పోయుంటుంది’’ అని అతను ఫోన్‌లోనే చెప్పేశాడు. వచ్చి విప్పాక పాత షీటు నా చేతిలో పెట్టాడు. రెండు పల్చటి ప్లాస్టిక్ పొరలు, వాటి మీద వెండి రంగు సిరాతో గీసిన సన్నటి గీతలు, మధ్యలో చిల్లులున్న ఇంకో పొర. మనం నొక్కినచోట పై పొర ఆ చిల్లులోంచి వంగి కింది పొరను తాకుతుంది. అడ్డగీత ఒకటి, నిలువుగీత ఒకటి కలిస్తే ఒక అంకె పడినట్టు లెక్క. రిబ్బన్‌లా ఉండే తోక దగ్గర షీటు మడతపడి ఒక నిలువుగీత తెగింది. అందుకే ఆ వరసలోని మూడు అంకెలూ ఒక్కసారే పోయాయి.

ఇప్పుడు మాట మార్చి చూడండి. ‘నొక్కకుండానే పడుతోంది’ అంటే తేమకో నూనె జిడ్డుకో పొరలు అంటుకుపోయి ఉండొచ్చు. ‘ఒకటి నొక్కితే ఇంకోటి పడుతోంది’ అంటే లోపల గీతలు ఒకదానితో ఒకటి కలిశాయేమో చూడాలి. ‘అంకెలు పడుతున్నాయి గానీ స్టార్ట్ కావట్లేదు’ అంటే ముందు తలుపు సరిగా పడిందో లేదో చూసుకోవాలి. తలుపు గడియ దగ్గర స్విచ్‌లుంటాయి, అవి కలవకపోతే యంత్రం కదలదు. ‘అసలేదీ పడటం లేదు’ అంటే, పిల్లలు నొక్కినా పనిచేయకుండా ఆపే చైల్డ్‌లాక్ పడిందేమో! చాలా మోడళ్లలో క్యాన్సిల్ బటన్‌ని మూడు నాలుగు సెకన్లు నొక్కి పట్టుకుంటే అది వదులుతుంది. అప్పటికీ కాకపోతే ప్లగ్ తీసి కొన్ని నిమిషాలాగి మళ్లీ పెట్టి చూడొచ్చు. ‘పనిచేయడం లేదు’ అన్న ఒక్క ముక్కతో ఇన్ని తేడాలు చెప్పలేం.

ఇక ‘మీట’. వీణ తీగను మీటుతామే, ఆ ‘మీటు’ ఇందులో ఉంది. ఓవెన్ మీద కదిలే మీటంటూ ఏదీ లేదు, ఉన్నది చదునైన షీటే. అయినా తప్పు పట్టను. మాట తన మొదటి అర్థం దగ్గరే ఆగిపోదు. ఎన్నికలొస్తే ‘ఓటింగ్ యంత్రం మీద మీట నొక్కండి’ అని పేపర్లు రాస్తూనే ఉన్నాయి, జనానికి అర్థమవుతూనే ఉంది. ‘బటన్’ అన్నా తప్పు లేదు. చొక్కా ‘బొత్తాం’ పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చింది, ‘బటన్’ ఇంగ్లిషు నుంచి వచ్చింది. ఆ రెండు మాటలకూ మూలం ఒకే పాత ఫ్రెంచి మాట కాబట్టి బొత్తాం, బటన్ దాయాదులే. మెకానిక్‌తో మాట్లాడేటప్పుడు మాత్రం ‘బటన్’ అనండి, అతని నోట ఉన్నది అదే.

‘పోయింది’ దగ్గర కాస్త జాగ్రత్త. ‘ఫోన్ పోయింది’ అంటే పాడైందో, ఎవరైనా ఎత్తుకెళ్లారో తెలియదు. ఓవెన్‌ని ఎవరూ ఎత్తుకెళ్లరు గానీ, ‘ఓవెన్ పోయింది’ అంటే మొత్తం పాడైందనుకుంటారు. పోయింది కీప్యాడ్ ఒక్కటే కదా.

ఇంకొక్క మాట, ఇది భాషకు సంబంధించింది కాదు. మీ అబ్బాయి ఉత్సాహపడి డబ్బా విప్పబోతే ఆపండి. ప్లగ్ పీకేసినా లోపల కరెంటును దాచుకునే కెపాసిటర్ అనే భాగంలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. అది తెలిసినవాళ్లే ముట్టుకోవాలి.

ఈసారి ఫోన్ చేసినప్పుడు ఇలా చెప్పండి: ‘‘ఏడో నెంబరు బటన్ నొక్కినా పడట్లేదండీ. పక్క వరసవి పడుతున్నాయి. చైల్డ్‌లాక్ వేసి లేదు, తలుపు బాగానే పడుతోంది.’’ ఏడుతో పాటు ఇంకేవి పడటం లేదో ముందే ఒకసారి నొక్కి చూసి, ఆ అంకెలు కాగితం మీద రాసి పెట్టుకోండి.