టీబీ మందు వేసుకుంటే నా జీన్స్ (జన్యువులు) పాడవుతాయా డాక్టర్ గారూ?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే. నాకు 26 ఏళ్ళు, బరువు 44 కిలోలు, పెళ్ళయి ఏడాది దాటింది. నెల రోజులు దగ్గు తగ్గకపోతే తెమడ పరీక్ష చేసి ఊపిరితిత్తుల్లో టీబీ అన్నారు. పది రోజులుగా పీహెచ్‌సీలో ఇచ్చిన టాబ్లెట్లు పొద్దున్నే మూడు వేసుకుంటున్నా. మూత్రం నారింజ రంగులో వస్తోంది. బీఎస్సీ చదివే మా తమ్ముడేమో ఇందులో ఉన్న రిఫాంపిసిన్ అనే మందు డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ తయారవకుండా ఆపేస్తుందని వాళ్ళ పుస్తకంలో ఉందంటున్నాడు. రేపు పుట్టే పిల్లలకి ఏమన్నా అవుతుందా? ఇప్పుడే పిల్లలు వద్దని గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా. టీబీ మందు ఆపేయనా?

జవాబు: ఆపొద్దమ్మా, ఒక్క రోజు కూడా ఆపొద్దు. మీ తమ్ముడు చదివింది నిజమే కానీ ఆ ఆగేది టీబీ క్రిమిలో, మీలో కాదు. అయితే మీరు చివర్లో మామూలుగా రాసేసిన మాట ఒకటుంది చూడండి, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానని, నాకు కంగారు పుట్టింది అక్కడ. దాని దగ్గరికి వస్తా, ముందు మీ తమ్ముడి పుస్తకం సంగతి చూద్దాం.

తహసీల్దార్ ఆఫీసులో రికార్డు రూం ఉంటుంది కదా, అసలు రిజిస్టరు ఎవరికీ చేతికివ్వరు, మీకు కావలసిన పేజీకి నకలు మాత్రం రాసిస్తారు. కణంలో కూడా అంతే, డీఎన్ఏ అసలు రిజిస్టరు, ఆర్ఎన్ఏ దాని నకలు, ఆ నకలు చూసుకుని కణం ప్రోటీన్లు తయారుచేసుకుంటుంది. ఈ రిజిస్టరులో అక్షరాలు నాలుగే, ఏ, టీ, జీ, సీ అనే రసాయనాలు. నకలు రాసే గుమస్తా పేరు ఆర్ఎన్ఏ పాలిమరేజ్. ఇది డీఎన్ఏని పట్టుకుని ఓ పన్నెండు, పద్నాలుగు అక్షరాల మేర జిప్ తీసినట్టు విప్పుతుంది, ఎదురుగా ఉన్న అక్షరాన్ని చూసి దానికి జోడీ అక్షరం తెచ్చి అతికిస్తుంది, టీ రావలసిన చోట మాత్రం యూ పెడుతుంది, ముందుకి జరుగుతుంది, వెనకాల జిప్ మళ్ళీ మూసుకుపోతుంది. మన పేగుల్లో ఉండే ఈ.కోలై అనే బ్యాక్టీరియాలో ఈ పని సెకనుకి 40, 50 అక్షరాల వేగంతో జరుగుతుంది. పని అయ్యాక రిజిస్టరు ఎలా ఉన్నది అలాగే ఉంటుంది, ఒక్క అక్షరం కూడా మారదు.

రిఫాంపిసిన్ చేసేదేంటంటే, క్రిమి తాలూకు ఆ పాలిమరేజ్‌లో అప్పుడే తయారైన ఆర్ఎన్ఏ పోగు బయటికి వచ్చే సందు ఒకటుంటుంది, సరిగ్గా ఆ సందులో పోయి కూర్చుంటుంది. రెండు మూడు అక్షరాలు అతికేసరికి ముందుకి పోవడానికి చోటుండదు, పోగు అక్కడే ఊడిపోతుంది. బ్యాక్టీరియాలో పాత నకళ్ళు కూడా ఎక్కువసేపు ఉండవు, కొత్తవి రావు, ఇంక ప్రోటీన్ ఎక్కడ్నుంచి వస్తుంది? క్రిమి చచ్చిపోతుంది. టీబీ క్రిమి మహా నిదానం, ఒకటి రెండవడానికి దాదాపు 20 గంటలు తీసుకుంటుంది, కొన్నైతే నిద్రపోయినట్టు పడుంటాయి, అలాంటివి కాసేపు లేచి నకలు రాయడం మొదలుపెట్టినా ఈ మందు అక్కడే పట్టుకుంటుంది. అందుకే ఒకప్పుడు ఏడాదిన్నర వాడాల్సిన ట్రీట్‌మెంట్, రిఫాంపిసిన్, దాంతోపాటు పైరజినమైడ్ అనే ఇంకో టీబీ మందు కలిశాక, ఆరు నెలలకి దిగింది. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియంలో మంచి గాలి కోసం నెలల తరబడి ఉండాల్సొచ్చిన కాలాన్ని తలుచుకుంటే ఇది ఎంత పెద్ద మార్పో అర్థమవుతుంది.

మరి మన కణాల్లో? మన కేంద్రకంలో నకలు రాసే గుమస్తాలు ముగ్గురు, వాటి తయారీ వేరు, మనం వాడే డోసులో రిఫాంపిసిన్ వాటికి అతకదు. మనిషిలో ఆ పని నిజంగా ఆగితే ఎలా ఉంటుందో డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగు తిన్నవాళ్ళని చూస్తే తెలుస్తుంది, దాని విషం మన రెండో పాలిమరేజ్‌ని పట్టేస్తుంది, కొద్ది రోజుల్లో లివర్ దెబ్బతిని ప్రాణం మీదికొస్తుంది. మీరు పది రోజులుగా వేసుకుంటూ నాకు ప్రశ్న రాసి పంపారు కదమ్మా. మీ డీఎన్ఏని ఈ మందు ముట్టుకోదు, పుట్టబోయే పిల్లల జీన్స్ గురించి దిగులు పెట్టుకోకండి. గర్భిణులకి టీబీ వస్తే మేమిచ్చే మందుల్లో కూడా రిఫాంపిసిన్ ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. క్రిమిలో నకలు ఆపే ఇదే మందు మీ లివర్‌లో మాత్రం నకళ్ళు పెంచుతుంది. లివర్ కణాల్లో పీఎక్స్ఆర్ అనే ప్రోటీన్ ఉంటుంది, రిఫాంపిసిన్ దానికి అతుక్కుంటే అది పోయి డీఎన్ఏ మీద కొన్ని జీన్ల దగ్గర కూర్చుని వీటి నకళ్ళు ఇంకా ఇంకా తీయండి అన్నట్టు తొందరపెడుతుంది, ముఖ్యంగా సీవైపీ3ఏ4 అనే ఎంజైమ్‌వి. మీ గర్భనిరోధక మాత్రలోని హార్మోన్లని అరగదీసేది ఆ ఎంజైమే. ఒకటి రెండు వారాల్లో అది బాగా పెరిగిపోతుంది, మాత్ర టైముకి వేసుకున్నా ఒంట్లో నిలవదు, గర్భం వచ్చేయొచ్చు. ఇలా వచ్చి ఏడ్చినవాళ్ళని నా ఓపీలోనే చూశాను, వాళ్ళకి ముందే ఎవరూ ఒక్క ముక్క చెప్పలేదు, టీబీ మందిచ్చే ప్రతి చోటా పెళ్ళయిన ఆడపిల్లని ఈ ప్రశ్న అడిగి తీరాలని నా గట్టి అభిప్రాయం.

కాబట్టి ఈ రోజు నుంచే కండోమ్ వాడండి. కాపర్ టీ వేయించుకోవచ్చు, లేదా మూడు నెలలకోసారి చేసే ‘అంతర’ అనే గర్భనిరోధక ఇంజెక్షన్, ఈ రెండిటి పనిని రిఫాంపిసిన్ చెడగొట్టదు, గవర్నమెంట్ ఆసుపత్రిలో ఉచితంగానే చేస్తారు. చేతిలో పెట్టే ఇంప్లాంట్ని, అత్యవసర మాత్రని నమ్ముకోవద్దు. టీబీ కోర్సు అయిపోయాక కూడా ఇంకో నాలుగు వారాలు ఈ జాగ్రత్త ఉండాలి, పెరిగిన ఎంజైమ్ వెంటనే దిగదు. ఈ నెల డేట్ దాటితే యూరిన్ టెస్ట్ చేసుకోండి, ఒకవేళ పాజిటివ్ వచ్చినా టీబీ మందు ఆపకుండా డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. షుగర్, థైరాయిడ్, ఫిట్స్, రక్తం పలచబరిచే వార్ఫరిన్, హెచ్ఐవీ మందులకీ ఇదే గొడవ, ఇంట్లో ఇంకెవరైనా టీబీ మందు వాడాల్సొస్తే ఆ చీటీలన్నీ ముందే చూపించండి.

మూత్రం రంగు మందుదే. రిఫాంపిసిన్ పొడే ఇటుక రంగులో ఉంటుంది, చెమట, కన్నీళ్ళు కూడా రంగు తిరగొచ్చు, కాంటాక్ట్ లెన్సులుంటే మరకలు పడతాయి. కామెర్లేమో అని అనుమానం వస్తే పగటి వెలుతురులో అద్దం ముందు నిలబడి కింది రెప్ప లాగి కంటి తెల్లగుడ్డు చూడండి, తెల్లగా ఉంటే భయం లేదు. పచ్చబడినా, అన్నం చూస్తే వికారం పుట్టి వాంతులవుతున్నా ఆ రోజు మాత్రలు వేసుకోకుండా అదే రోజు ఆసుపత్రికి పోవాలి, ఆపొద్దన్న నా మాటకి ఇదొక్కటే మినహాయింపు. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ తేడా తెలియకపోయినా చెప్పాలి, అది మీ టాబ్లెట్లలోనే ఉన్న ఇథాంబుటాల్ అనే ఇంకో మందు వల్ల.

మానేస్తే ఏమవుతుందో కూడా చెప్తా. క్రిమిలో నకలు రాసే ఆ గుమస్తా తాలూకు ఒక ముఖ్య భాగాన్ని తయారుచేసే జీన్ పేరు ఆర్‌పీఓబీ, అందులో 81 అక్షరాల ముక్క ఒకటుంది, మందు కూర్చునే చోటు దాదాపు అక్కడే. కోట్ల క్రిముల్లో ఎక్కడో ఒకదానికి ఆ ముక్కలో అక్షరం మారి ఉంటుంది, దానికి మందు అతకదు. మీ టాబ్లెట్లలో కలిసి ఉన్న నాలుగు మందులూ రోజూ వేసుకుంటే దాన్ని మిగతావి చంపేస్తాయి, ఇష్టమొచ్చినట్టు వేసుకుంటే అదొక్కటే మిగిలి పెరుగుతుంది. తెమడలో టీబీ క్రిమి జీన్లని మెషీన్‌తో వెతికే ట్రూనాట్ లేదా సీబీనాట్ పరీక్ష మీకు చేసుంటే ఆ రిపోర్ట్ తీసి చూడండి, రిఫ్ రెసిస్టెన్స్ నాట్ డిటెక్టెడ్ (రిఫాంపిసిన్‌కి లొంగని క్రిమి కనపడలేదు) అని ఉండాలి, అంటే ఆ మెషీన్ ఆ ముక్క అక్షరాలే చదివి చూసిందన్నమాట. రిపోర్ట్ దొరక్కపోయినా, ఆ లైను కనపడకపోయినా రేపు పీహెచ్‌సీకి వెళ్ళినప్పుడు అడగండి, కాపర్ టీ సంగతి కూడా అదే రోజు మాట్లాడేసుకోండి.